ఇల్లు ఎంత అన్నది కాదు, ఎక్కడ అన్నది

దసమంతపూర్ పల్లెల నుండి కూలికై కోరాపుట్టుకో రాయగడకో వచ్చే కుటుంబానికి ఇల్లు ఎంత పెద్దదన్నది రెండవ మాట. బస్‌స్టాండుకు, రైల్వే స్టేషనుకు ఎంత దూరమన్నదే మొదటి మాట. ఊరి వెలుపల చవకగా దొరికిన గది, రాకపోకల ఖర్చు కలిసేసరికి ప్రియమవుతుంది.

2017 నాటి ఒడిశా మురికివాడవాసుల భూహక్కుల చట్టం ఈ సంగతి గుర్తించింది. నిరుపేదలకు మునిసిపాలిటీలలో 30, నోటిఫైడ్ ఏరియా కౌన్సిళ్ళలో 45 చదరపు మీటర్ల వరకు ఉచితంగా భూహక్కు కల్పించింది. ఆ హక్కు భార్యాభర్తలిద్దరిదీ. వారసులకు సంక్రమిస్తుంది, ఇంటి అప్పుకు తాకట్టు పెట్టవచ్చు, అమ్మరాదు. అమ్మరాదన్నది కొందరికి రుచించదు గాని, ఆ కట్టు లేకుంటే స్టేషను చెంతనున్న స్థలం పేదల చేతిలో ఎంతకాలం నిలుస్తుంది?

అయితే ఈ చట్టం అప్పటికే గుడిసె వేసుకున్నవారిది. రేపు వచ్చే కూలికి అందులో చోటు లేదు. స్టేషనుకు నడక దూరంలో, విశాలమైన ఆవరణ నడుమ ఒక్క కుటుంబమే నివసించే పాత పేటలున్నచోట, అదే స్థలంలో మరి రెండు చిన్న వాటాలు కట్టి తక్కువ అద్దెకివ్వడానికి అనుమతించాలి. నీరు చాలదు, కాలువలు పొంగుతాయని ఆ పేటలవారు అంటే, అది న్యాయమైన భయమే. కనుక గొట్టమూ కాలువా ముందు, గోడ తరువాత.