ప్రభువు బల్ల గోడ విడిచిన వైనం



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం ఏర్పాటైందో ఆయన పోర్టులో ఉద్యోగం చేస్తూ, ఆదివారం వస్తే గుడిలో హార్మోనియం ముందు కూర్చునేవారు. చర్చి చరిత్ర చెప్పమంటే అందరూ గంట, గోపురం, శిలాఫలకం చెప్పి ముగిస్తారని ఆయనకు విసుగు. అందుకని నేను వాటి జోలికి పోను. లోపల, కటకటాల వెనకున్న ప్రభువు బల్ల సంగతే చెబుతాను.

విశాఖకు ప్రొటెస్టెంటు ఆరాధన రెండు దారుల్లో వచ్చింది. ఒకటి కుంపణీ దారి. సిపాయిలకూ దొరలకూ ప్రార్థన చేయించడానికి సర్కారు జీతమిచ్చి చాప్లిన్లను పెట్టింది. చేతిలో 1662 నాటి ఇంగ్లీషు ప్రార్థన పుస్తకం, అందులో రాజుగారి కోసమో రాణిగారి కోసమో తప్పనిసరిగా ఒక ప్రార్థన. బల్ల తూర్పు గోడకు ఆనుకొని ఉండేది, దాని ముందు కటకటాలు. జనం వచ్చి అక్కడ మోకరించి సంస్కారం పుచ్చుకొని వెళ్లాలి. అవతలికి అడుగుపెట్టే పని లేదు.

రెండోది లండన్ మిషన్ దారి. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డిగ్రాంజ్ ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ తోడుతో సువార్తలను తెలుగులోకి తెచ్చే పని పట్టారు. మత్తయి, మార్కు, లూకా 1812లో సెరంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఆ దొరలిద్దరూ బతికి లేరు. వీళ్ల పద్ధతిలో ప్రసంగ పీఠానిదే పెద్దరికం. వాక్యం వినడమే ఆరాధనలో ముఖ్యం, బల్ల దాని తరవాత. ఆ మిషన్ పని తరవాత కెనడా బాప్టిస్టుల చేతికి వెళ్లింది. సీబీఎం కాంపౌండ్ అంటే ఈ ఊళ్లో ఆటో అబ్బాయికి కూడా దారి చెప్పక్కర్లేదు.

ఆంగ్లికన్ గుడికి తెలుగు రూపం ఇవ్వాలని పట్టుబట్టినవారు వి.ఎస్. అజరయ్యగారు. 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన దోర్నకల్ కతీడ్రల్‌లో మండపం స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసి కనిపిస్తాయి. చూడడానికి రెండు కళ్లూ చాలవు. అయినా గోడలు తెలుగైనంత తొందరగా ఆరాధన క్రమం తెలుగు కాలేదు. జనం నోట పలికిన ప్రార్థన ప్రధానంగా ఇంగ్లండు క్రమానికి తర్జుమాయే.

నా లెక్కలో అసలు మలుపు 1947 సెప్టెంబరు 27. ఆ రోజు మద్రాసు సెయింట్ జార్జ్ కతీడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, దక్షిణ భారత ఐక్య సంఘం వారు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) అయ్యారు. 1950లో కొత్త సంస్కార క్రమం వచ్చింది. గురువు బల్ల వెనక్కి వెళ్లి సంఘానికి ఎదురుగా నిలబడాలంది. అలా నిలబడాలంటే బల్ల గోడ విడిచి ముందుకు జరగాలి కదా! రోమ్‌లో రెండో వాటికన్ మహాసభ కూడడానికి ఇంకా పన్నెండేళ్లున్నాయి అప్పటికి.

అదే క్రమంలో ‘సమాధానం’ ఇచ్చిపుచ్చుకోవడం కూడా వచ్చింది. దీన్ని కేరళ సిరియన్ సంఘాల నుంచి తీసుకున్నారు. ఇచ్చేవారి కుడి అరచేయి పుచ్చుకునేవారి కుడి అరచేతికి తాకుతుంది, ఇద్దరి ఎడమచేతులూ పైనుంచి మూస్తాయి. బల్ల దగ్గర మొదలై వరసవరసకీ పాకి వెనక బెంచీ దాకా చేరుతుంది. అంటు పాటించే దేశంలో పక్కవాడిది ఏ పేటో, ఏ కులమో అడగకుండా అతని చేయి పట్టుకోవాలన్నమాట. దోర్నకల్ గుమ్మటాల కన్నా దీన్నే పెద్ద మార్పుగా ఎంచుతాను. తరవాత ఇతర దేశాల ఆంగ్లికన్ సంఘాలూ తమ క్రమాల్లో ఇలాంటిది చేర్చుకున్నాయి.

సంఘాల కలయికకు అందరూ వెంటనే ఒప్పుకోలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది ఏళ్ల తరబడి ఐక్యతకు బయటే ఉన్నారు. సీఎస్ఐకి తొలి మహిళా బిషప్ 2013లో ఆ నంద్యాల డయోసిస్‌కే వచ్చారు, ఇ. పుష్పలలితగారు.

ఇక మన రోజులు. 1933లో పోర్టు తెరుచుకున్నాక, ఉక్కు కర్మాగారం వచ్చాక ఎక్కడెక్కడి సంఘాల వాళ్లో ఈ ఊరు చేరారు. ఎవరి రాగాలు వారు తెచ్చుకున్నారు, మంచిదే. కానీ ఏ సినడూ తీర్మానించకుండానే పెద్ద మార్పు ఒకటి జరిగిపోయింది. పాటలూ ప్రార్థనలూ చూపించే తెర వచ్చి చేతిలోని పుస్తకాన్ని తీసేసింది. పుస్తకముంటే ముసలమ్మ ముందు పేజీ తిప్పి రాబోయే ప్రార్థన చూసుకునేది. ఇప్పుడు కంప్యూటర్ దగ్గర కుర్రాడు నొక్కేదాకా ఆగాలి. 2020 కోవిడ్ సమాధానాన్ని నమస్కారంగా మార్చింది. జబ్బు తగ్గినా కొన్ని చోట్ల చేతులు మళ్లీ కలవలేదు.

కమిటీవారికి ఒక మనవి. చాలా గుళ్లలో డ్రమ్స్, స్పీకర్లు బల్లకు అడ్డంగా వచ్చేశాయి. తెర సరిగ్గా దాని నెత్తిన వేలాడుతోంది. తెరను పక్కగోడకు మార్పించండి, వాయిద్యాలను కిటికీ వైపు జరపండి. వైరు కొంచెం ఎక్కువ పడుతుంది, అంతే ఖర్చు.