ఊరూరా విద్యుత్తు - పంచాయతీల బాధ్యత
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

గ్రామ పంచాయతీ సభ్యులారా!

మన పూర్వులు చెరువులను విడివిడిగా త్రవ్వించి ఊరకుండలేదు. ఎగువ చెరువు అలుగు పారి దిగువ చెరువును నింపునట్లు గొలుసుకట్టుగా నిర్మించిరి. అయినను ఏ ఊరి తూమును ఆ ఊరి నీరటికాడే కనిపెట్టుచుండెను. సూర్యరశ్మి వలన పుట్టు విద్యుత్తు విషయమునను ఇట్టి ఏర్పాటే కలదని మీకు మనవి చేయుచున్నాము.

సౌర ఫలకములు పగలే పనిచేయును. దీపములు రాత్రి కావలెను. కనుక పగటి మిగులును బ్యాటరీలలో నిలువచేయుదురు. ఒక ఊరి నిలువ చాలనప్పుడు పొరుగూరి నిలువ ఆదుకొనుటకై కేంద్రములను తీగెతో కలుపుదురు. అట్లు కలిపినప్పుడు ఎవరు ఎంత ఇవ్వవలెను? ఒక్కచోట నుండియే ఆజ్ఞలు పంపవచ్చును. కాని ఆ చోటు చెడినచో అన్ని ఊళ్లకును చిక్కే. అందుచే ఆ నిర్ణయమును ప్రతి కేంద్రమునకును పంచిపెట్టిరి.

మన దేశమున విద్యుత్ ప్రవాహము సెకనుకు 50 ఆవృత్తులతో నడచును. వాడుక పెరిగినచో ఈ సంఖ్య స్వల్పముగా తగ్గునట్లు ఇన్వర్టర్లను అమర్చుదురు. ఆ తగ్గుదలను ప్రతి ఇన్వర్టరును తానే గ్రహించి, తన శక్తికొలది అదనముగా ఇచ్చును. 20 కిలోవాట్ల కేంద్రము 10 కిలోవాట్ల దానికి రెట్టింపు భారము మోయును. పిమ్మట పొరుగు కేంద్రములు పరస్పరము సమాచారము తెలుపుకొని సంఖ్యను మరల 50కి చేర్చును. గాలివానకు నడిమి తీగె తెగినను, నిలువ ఉన్నంతవరకు ఏ ఊరి దీపములు ఆ ఊర వెలుగుచుండును.

ఇందొక అపాయము కలదు. పెద్ద లైను ఆగినను, ఊరి కేంద్రము నుండి తీగెలోనికి విద్యుత్తు రావచ్చును. బాగుచేయ వచ్చిన లైన్‌మన్ ప్రాణమునకే ముప్పు. కావున పెద్ద లైను ఆగిన తక్షణమే ఊరిని దానినుండి విడదీయు స్విచ్చి తప్పక ఉండవలెను.

యంత్రము తన్ను తాను నడుపుకొన్నను, పోషణ మనుష్యులదే. బీహారులోని ధర్నయి గ్రామమున 2014లో 100 కిలోవాట్ల సౌర కేంద్రము వెలసెను. పిదప చౌకయైన గ్రిడ్ విద్యుత్తు ఆ ఊరికి వచ్చెను. కొన్నేండ్లకే బ్యాటరీలు చెడిపోయెను. తుదకు ఆ ఆవరణలో పశువులను కట్టుచున్నారని పత్రికలు వ్రాసెను.

జిల్లాకొక ఆదర్శ సౌర గ్రామమునకు కోటి రూపాయల సహాయమిచ్చుటకు కేంద్ర ప్రభుత్వము 2024లో నియమావళిని ప్రకటించినది. సహాయము ఏ రూపమున వచ్చినను, మూడు తీర్మానములు ముందే చేయుడు: బ్యాటరీలు మార్చుటకు నెలనెలా నిధి కూడబెట్టవలెను, మోటార్లను పగటివేళనే నడుపవలెను, ఊరి యువకులలో ఇద్దరికైనను శిక్షణ ఇప్పింపవలెను.

పూడిక తీయని చెరువున ఎంత వాన కురిసినను నీరు నిలువదు. ఈ మాట మీకు మేము చెప్పవలసినది కాదు. మీ ఊరి చెరువే చెప్పును.