ఎలక్ట్రిక్ కార్‌లో క్రూయిజ్ కంట్రోల్ పట్టట్లేదా? ముందు బ్రేక్ లైట్ చూడండి!

ఈరోజు నేను చేసిన ఒక తప్పు గురించి చెప్తా. నా ఎలక్ట్రిక్ కార్‌లో మూడు వారాల పాటు క్రూయిజ్ కంట్రోల్ సరిగ్గా పని చేయలేదు. సెట్ బటన్ నొక్కితే ఒక్కోసారి పట్టేది, ఒక్కోసారి పట్టేది కాదు. "పోతే పోనీలే, కాలితో తోలలేమా ఏంటి" అని వదిలేశా.

ఒక ఆదివారం అమ్మని తీసుకుని హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరా. సూర్యాపేట దగ్గర టీకి ఆగాం. మా వెనకాలే వచ్చిన డీసీఎం డ్రైవర్ దిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. "తమ్ముడూ, బ్రేక్ కొడితే నీ వెనక లైట్లు వెలగట్లేదు. ఇందాక కొద్దిలో తప్పింది, లేకపోతే నీ బండిని గుద్దేసేవాణ్ణి" అన్నాడు. నిజం చెప్తున్నా, అప్పుడు అమ్మ మొహం చూడలేకపోయా.

అమ్మని బస్ ఎక్కించి, కార్‌ని టోయింగ్ వాళ్లకి అప్పజెప్పా. చివరికి తేలింది ఏంటంటే, బ్రేక్ పెడల్ దగ్గర ఉండే ఒక చిన్న స్విచ్ పాడైంది. క్రూయిజ్ పట్టకపోవడానికీ, బ్రేక్ లైట్లు వెలగకపోవడానికీ కారణం అదొక్కటే. ఇంకో క్లూ కూడా ఉండింది. పొద్దున కార్ స్టార్ట్ చేయడానికి ఒక్కోసారి బ్రేక్ రెండుసార్లు నొక్కాల్సి వచ్చేది. నేనేమో రెండు వేరే వేరే బగ్స్ అనుకున్నా. ఆఫీస్‌లో ఐదేళ్లు డీబగ్గింగ్ చేసినోణ్ణి, ఇంట్లో కార్ ఇచ్చిన సిగ్నల్ చదవలేకపోయా!

అసలు ఇది ఎలా పని చేస్తుందో సింపుల్‌గా చెప్తా. మీరు బ్రేక్ తొక్కగానే క్రూయిజ్ ఆగిపోవాలి. అందుకే చాలా కార్లలో బ్రేక్ స్విచ్ నుంచి రెండు సిగ్నల్స్ వెళ్తాయి. ఆ రెండూ ఒకదానికొకటి సరిపోకపోతే కంప్యూటర్‌కి డౌట్ వస్తుంది. "బ్రేక్ తొక్కారో లేదో నాకు తెలియట్లేదు, కాబట్టి స్పీడ్ నా చేతికి వద్దు" అని క్రూయిజ్‌ని ఆపేస్తుంది. అంటే చాలాసార్లు క్రూయిజ్ పట్టకపోవడం కార్ తీసుకున్న జాగ్రత్తే.

మరి మీ కార్‌లో ఇలా అయితే ఏం చేయాలి? ఈ ఆర్డర్‌లో చూడండి.

ఒకటి, కండిషన్స్. చాలా కార్లలో గంటకి సుమారు 30 కిలోమీటర్లు దాటితే గానీ మామూలు క్రూయిజ్ పట్టదు. గేర్ డీలో ఉందా, సీట్ బెల్ట్ పెట్టారా, ట్రాక్షన్ కంట్రోల్ ఆఫ్ చేసి మర్చిపోయారా చూడండి. క్రూయిజ్ ఆన్ చేయడం వేరు, స్పీడ్ సెట్ చేయడం వేరు. కొత్తవాళ్లు ఎక్కువగా ఇక్కడే కన్ఫ్యూజ్ అవుతారు.

రెండు, బ్రేక్ లైట్లు. రాత్రి కార్ వెనక భాగం గోడ వైపు పెట్టి, పెడల్ మెల్లగా నొక్కండి. గోడ మీద ఎర్ర వెలుగు కనిపించాలి, వదలగానే పోవాలి. పది సార్లు చేయండి, ఎందుకంటే నా స్విచ్‌లాగా అప్పుడప్పుడు మాత్రమే ఫెయిలయ్యేవి ఉంటాయి. ఒకటి గుర్తుంచుకోండి: ఎలక్ట్రిక్ కార్లలో యాక్సిలరేటర్ వదిలినప్పుడు రీజెన్ గట్టిగా ఉంటే బ్రేక్ లైట్లు వాటంతట అవే వెలుగుతాయి. అది చూసి పెడల్ స్విచ్ కూడా బాగుందనుకోవద్దు. ఫ్లోర్ మ్యాట్ పెడల్ కింద ఇరుక్కుందేమో కూడా చూడండి.

మూడు, మీది ముందు బండిని బట్టి స్పీడ్ తగ్గించే అడాప్టివ్ క్రూయిజ్ అయితే, కెమెరా, రాడార్ చూడండి. కెమెరా ముందు అద్దం పైభాగంలో ఉంటుంది. రాడార్ ఎక్కువగా ముందు బంపర్‌లోనో, లోగో వెనకో ఉంటుంది. బురద, పురుగులు, స్టిక్కర్, బయట పెట్టించిన గార్డ్, ఏది అడ్డొచ్చినా ఆగిపోతుంది. మెత్తటి తడి గుడ్డతో తుడవండి. జోరు వానలో ఆగిపోతే కంగారు పడకండి, వాన తగ్గాక మళ్లీ చూడండి.

నాలుగు, టైర్లు. ఏబీఎస్ లైట్ కూడా వెలిగితే వీల్ స్పీడ్ సెన్సార్ మీద డౌట్ పెట్టుకోండి. నాలుగు టైర్లూ ఒకే సైజా, గాలి సరిపోయిందా చూడండి.

ఐదు, క్రూయిజ్ పడుతుంది గానీ దిగుడులో స్పీడ్ పెరిగిపోతోందా? బ్యాటరీ 100 శాతం నిండి ఉంటే, రీజెన్‌తో వచ్చే కరెంట్ పెట్టుకోవడానికి చోటు ఉండదు. అప్పుడు మోటార్ బండిని గట్టిగా పట్టి ఆపలేదు. ఇది ఫాల్ట్ కాదు. ఘాట్ రోడ్‌లో ఎలాగూ క్రూయిజ్ వాడొద్దు.

ఇవన్నీ చూసినా తేలకపోతే ఓబీడీ స్కానర్‌తో కోడ్ చదివించండి. పీ0571 లేదా పీ0504 వస్తే బ్రేక్ స్విచ్ వైపు వెతకాలి. "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వస్తే పోతుంది సార్" అని పంపించేస్తే, కోడ్ ఏం వచ్చిందో జాబ్ కార్డ్ మీద రాసివ్వమని అడగండి. కోడ్ డిలీట్ చేసి సరిపెట్టుకోవద్దు, కారణం అలాగే ఉంటుంది. ఆరెంజ్ కలర్ కేబుల్స్ హై వోల్టేజ్‌వి, వాటి జోలికి అస్సలు వెళ్లొద్దు. బ్రేక్ లైట్ వెలగకపోతే మాత్రం హైవే ఎక్కకండి, కార్ అక్కడే ఆపేయండి.

ఆ డ్రైవర్ అన్న పేరు కూడా అడగలేదు నేను. ఆయన వచ్చి చెప్పకపోయుంటే ఈ వీడియో ఉండేది కాదేమో. మీ ముందు బండికి లైట్ వెలగకపోతే మీరూ ఆగి చెప్పండి. ఈరోజు రాత్రే గోడ టెస్ట్ చేసి, ఏమైందో కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా తోలండి, బై!