గిరిసానువులకు పూల పచ్చడం
(ఆలయ ఉద్యానసేవకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మెట్లదారికి దక్షిణాన ఉన్న రాతివాలును ఏమి చేయాలన్న ప్రశ్న ధర్మకర్తల ముందున్నది. దానిపై నాలుగు మాటలు చెప్పమని నన్ను ఆదేశించారు. నేను వ్యాకరణమూ సాహిత్యమూ గురుముఖతః అభ్యసించినవాడనే గాని వ్యవసాయశాస్త్రం చదివినవాడను కాను. అయితే నిత్యపూజకు పత్రపుష్పాలు స్వయంగా సమకూర్చుకొనే ఇంట పుట్టి పెరిగినవానికి మొక్కలతో పరిచయం తప్పదు. ఆ పరిచయంతోనే మాట్లాడుతున్నాను.

కొండ ఆలయాలకు వర్షాకాలం పరీక్షాకాలం. 2020 అక్టోబరులో దసరా ఉత్సవాల వేళ విజయవాడ ఇంద్రకీలాద్రిపై కొండచరియలు విరిగిపడ్డాయి. 2021 డిసెంబరు 1న తిరుమల రెండవ ఘాట్ రోడ్డుపై బండలు పడి రాకపోకలు నిలిచిపోయాయి. అటువంటి పెనుబండలను ఆపడం ఇంజనీర్ల పని. పూలమొక్క వల్ల అయ్యేది కాదు. ఈ భేదాన్ని మొదటే చెప్పుకోవాలి. పూలమొక్క ఆపగలిగేది పైమట్టిని. మన వాలుకు ఉన్న రోగం కూడా అదే. వాన కురిసినప్పుడల్లా ఎర్రనీరు మెట్ల మీదికి దిగుతున్నది. మట్టి పోయినకొద్దీ రాళ్ళ మొదళ్ళు బయటపడుతున్నాయి. వృద్ధులు ఆ బురదలో కాలు జారకుండా ఎక్కడమే కష్టమవుతున్నది.

ఇందుకు మూడు సూచనలు వచ్చాయి. మొదటిది సిమెంటు పూత. నీరు బయటికి పోయే దారులు చాలినన్ని విడవకుండా పూత వేస్తే, లోపల చేరిన నీటి ఒత్తిడికి అది పెచ్చులూడుతుంది. పైగా ఎండకు కాగిన సిమెంటు పక్కన వట్టికాళ్ళతో మెట్లెక్కే భక్తుని బాధ వేరే చెప్పనక్కరలేదు. రెండవది పెద్ద చెట్లు నాటడం. మన వృక్షాయుర్వేద గ్రంథాలు రాళ్ళూ గులకలూ మిక్కుటమైన నేల చెట్లకు అనుకూలం కాదని చెప్పాయి. జానెడు మట్టి లేని చోట రావిని నాటితే, బ్రతకకపోతే ఒక చింత. బ్రతికి రాతిచీలికలో వేరు బలిస్తే మరొక చింత. మూడవది పసుపుపచ్చ పూల వెడీలియా తీగను పరచడం. అది వేగంగా అల్లుకొంటుంది, నిజమే. కాని కణుపు కణుపునా వేరు దించి, తక్కిన మొక్కలను ఊపిరాడనీయదు. అమెరికా ఉష్ణప్రాంతాల నుండి వచ్చిన ఆ తీగ, మన కొండలను ఇప్పటికే ఆక్రమించిన లాంటానా కంప, రెండూ ప్రపంచంలోని నూరు దుష్ట ఆక్రమణజాతుల జాబితాకెక్కినవే. నేడు మెట్ల పక్కన నాటితే రేపు అడవిలోకి ప్రాకుతుంది. అడవి మనది కాదు, స్వామిది.

నేలను చెట్లకు తగనిదని చెప్పిన శాస్త్రం దానిని నగ్నంగా విడిచిపెట్టమని చెప్పలేదు. చెట్టు నిలవని చోట నేలనంటి పెరిగే మొక్క నిలుస్తుంది. వానచినుకు బట్టనేల మీద పడినప్పుడు మట్టిరేణువులను చెదరగొడుతుంది. చెదిరిన మట్టిని పారేనీరు మోసుకుపోతుంది. అదే చినుకు ఆకు మీద పడితే దాని వేగం చస్తుంది. మెల్లగా జారి నేలలో ఇంకుతుంది. క్రింద వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి. పచ్చడం కప్పుకొన్న కొండకూ కప్పుకొనని కొండకూ ఉన్న తేడా ఇంతే.

ఆ పచ్చడానికి మూడు మొక్కలను నేను సూచిస్తున్నాను.

మొదటిది విష్ణుక్రాంత. వినాయకచవితి నాటి ఏకవింశతి పత్రాలలో ఒకటి. విష్ణువుచే పాదం మోపబడినదని ఆ పేరుకు అర్థం. ఇక్కడ పండితులకు కూడా ఒక భ్రాంతి కలుగుతుంది. అమరసింహుడు వనౌషధివర్గంలో విష్ణుక్రాంత అనే పేరును గిరికర్ణి, అపరాజిత అనే పేర్లతో కలిపి చెప్పాడు; అది పందిరికెక్కే శంఖపుష్పపు తీగ. మనం తెలుగునాట విష్ణుక్రాంత అని పిలుస్తున్నది వేరు. సన్నని తీగెల వంటి కొమ్మలతో, పట్టువంటి నూగుతో, నేలను కరచుకొని పెరుగుతుంది. చిన్న నీలిపూలు ఉదయాన విచ్చి, ఎండ ముదిరేసరికి ముడుచుకొంటాయి. దేనినీ చుట్టుకొని పైకెక్కదు. దాని ఆకుల మీది నూగు ఎండను తట్టుకొనడానికి ప్రకృతి ఇచ్చిన కవచం. వేరు కట్టెబారి రాతిసందులలోకి దిగుతుంది. నడివేసవిలో పైకొమ్మలు ఎండినట్లు కనిపించినా మొదలు బ్రతికి ఉండి తొలకరికి చిగురిస్తుంది. కొద్దిపాటి తడి అందితే పచ్చదనం చాలవరకు నిలుస్తుంది. నర్సరీలలో ఇదే పేరుతో ముదురునీలం పూల మొక్క ఒకటి అమ్ముతారు. అది దక్షిణ అమెరికా నుండి వచ్చిన దాయాది. తోటకు అందమే గాని మనకు కావలసినది ఈ కొండకు పుట్టిన బిడ్డ.

రెండవది బిళ్ళగన్నేరు. నిత్యకల్యాణి అని కూడా అంటారు. ఏడాది పొడవునా ఆకు రాల్చక, పువ్వు మానక ఉండే మొక్కకు అంతకన్న తగిన పేరు లేదు. ఇది మడగాస్కర్ ద్వీపం నుండి వచ్చినది. ప్రాచీన గ్రంథాలలో దీని ప్రసక్తి వెదకరాదు. పరదేశపు పువ్వు స్వామికి పనికివస్తుందా అని కొందరు అడుగుతారు. రక్తపు క్యాన్సరుకు వాడే మందులు ఈ మొక్క నుండే లభించాయి. లోకానికి ఇంత మేలు చేసిన మొక్కను జాతి అడిగి దూరం పెట్టడం నాకు సమ్మతం కాదు. చేదు వల్ల మేకలు దీనిని ముట్టవు. ఆకు విషతుల్యం కనుక ఎవరూ నోట పెట్టకూడదు. గోడపగులులో సైతం బ్రతికే ఈ మొక్క నీరు నిలిచిన చోట మాత్రం వేరు కుళ్ళి చస్తుంది. అందుచేత వాలునేల దీనికి వరమే. కొనలు త్రుంచుతూ ఉంటే పొట్టిగా, గుబురుగా పెరుగుతుంది. దీనిని మెట్ల అంచులకూ మండపాల చెంతకూ పరిమితం చేసి, దూరపు వాలును విష్ణుక్రాంతకు విడవాలి.

మూడవది గరిక. దానికి పూల శోభ లేకపోవచ్చు. కాని అమరసింహుడు చెప్పిన పేర్లు చూడండి: శతపర్విక, నూరు కణుపులు కలది; రుహ, మొలకెత్తేది; అనంత, అంతం లేనిది. కణుపు కణుపునా వేరు దించి మట్టిని బంధించే గుణం ఆ పేర్లలోనే ఉన్నది. మట్టి కాస్త లోతుగా ఉన్న చోట్ల దీనిని పూలమొక్కల నడుమ అడ్డవరుసలుగా ఉంచితే చాలు.

ఇక విధానం. వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదంలో, మొక్కలు నాటబోయే నేలలో ముందు నువ్వులు చల్లి, పూతకు రాగానే నేలలో కలపమన్నాడు. రాతివాలును దున్నలేము, దున్నితే ఉన్న మట్టీ పోతుంది. ఆ సూత్రాన్ని గ్రహించి తొలకరికి ఉలవలు చల్లుదాం. పేదనేలలో పెరగడం ఉలవకు అలవాటు. అది త్వరగా నేలను కప్పుతుంది. దాని ఆకు రాలి ఎరువవుతుంది. దాని నీడన మన మొక్కలు కుదురుకొంటాయి.

పని పైనుండి క్రిందికి సాగాలి; పైనీటిని ఆపకుండా క్రింద నాటినది కొట్టుకుపోతుంది. వాలుకు అడ్డంగా, ఒక వరుసలోని ఖాళీకి ఎదురుగా క్రింది వరుసలోని మొక్క వచ్చేలా, జానెడు నుండి జానెడున్నర ఎడంతో నాటాలి. గుంట లోపలివైపుకు వాలి ఉండాలి. దాని క్రింది అంచున నాలుగు రాళ్ళు అర్ధచంద్రాకారంలో పేర్చితే మట్టీ నీరూ నిలుస్తాయి. మట్టి మరీ జారే చోట కొబ్బరిపీచుతో అల్లిన వల పరచి, దాని కన్నులలో నాటాలి. ఆ వల కొన్నేళ్ళకు మట్టిలో కలిసిపోతుంది. అప్పటికి వేళ్ళు దాని బాధ్యత తీసుకొంటాయి. స్వామికి సమర్పించిన నిర్మాల్యం నుండి దారాలూ ప్లాస్టిక్కూ ఏరివేసి కుళ్ళబెడితే కావలసిన ఎరువు మన చేతిలోనే ఉన్నది.

బిళ్ళగన్నేరు విత్తనానికి మొలకెత్తేటప్పుడు చీకటి కావాలి. పలుచగా మట్టి కప్పాలి. విష్ణుక్రాంత విత్తనానికి పైపొర గట్టిది. ఇసుకతో మెల్లగా రుద్ది నాటాలి.

ఇప్పుడు దాతలకు ఒక విన్నపం. నాటే రోజు ఖర్చుకు చేయి చాచేవారు పదిమంది ఉంటారు. ఆ రోజు మేళతాళాలుంటాయి, ఫొటోలుంటాయి. రాతివాలు మీద మొక్క చచ్చేది ఆ రోజున కాదు, మొదటి వేసవిలో, రెండవ వేసవిలో. వారానికి రెండు మార్లు కావడితో నీరు మోసే మనిషి జీతం ఎవరిస్తారన్నదే అసలు ప్రశ్న. పేరుపలక కోరకుండా రెండు వేసవుల నీటికి ఇచ్చిన దానమే ఈ కొండకు నిజమైన వస్త్రసమర్పణ.

యాత్రికులకు మరొక విన్నపం. చవితి పూజకని విష్ణుక్రాంతను వేరుతో సహా పెరికి తెచ్చి అమ్ముతున్నారు. పూజకు కావలసినది పత్రం. కొన గిల్లితే మొక్క రెండుగా చిగురిస్తుంది; వేరు లాగితే పిడికెడు మట్టి కూడా కొండ దిగుతుంది. పెరికిన కట్టను కొనకండి. మెట్లు విడిచి వాలు మీద అడుగు వేయకండి. వేసవిలో ఎండుగడ్డి చెంత కర్పూరం వెలిగించకండి.

ధర్మకర్తలు ఈ తొలకరికి ముందుగా ఒక్క మెలిక మేర వాలును నాకూ సేవకులకూ అప్పగిస్తే చాలు. రెండు వేసవులు దాటిన తరువాత దానిని చూసి, తక్కిన వాలు సంగతి నిర్ణయించవచ్చు. విష్ణువు అడుగు మోపినదని పేరున్న మొక్కను మన అడుగుల నుండి కాపాడుకొందాం.

స్వస్తి.