గ్రంథాలయం పుస్తకాల జాబితాని వెబ్‌లో పెట్టడం: ఎస్‌క్యూలైట్, డేటాసెట్

ఈ ఎపిసోడ్‌లో మన దగ్గరున్న ఒక చిన్న జాబితాని డేటాబేస్‌గా మార్చి, ఎవరైనా వెతుక్కునేలా వెబ్‌లో ఎలా పెట్టాలో చూద్దాం. ఉదాహరణకి నేను తీసుకున్నది మా వైపు ఒక ఊళ్ళో ఉన్న గ్రంథాలయం జాబితా. 6,000 పైచిలుకు పుస్తకాలు. కుర్రాళ్ళు నలుగురు కూర్చుని రిజిస్టరు చూసి ఎక్సెల్‌లో కొట్టారు. "మేం కొట్టేశాం, ఇంక మీరు నెట్‌లో పెట్టండి అన్నా" అని ఫైలు నా చేతిలో పెట్టారు. అందులో నేను చేసిన ఒక పెద్ద పొరపాటు కూడా ఉంది. అది కాసేపాగి చెప్తాను.

ముందు సాఫ్ట్‌వేర్ సంగతి. డేటాబేస్ అనగానే చాలామంది మైఎస్‌క్యూఎల్ సర్వర్ వేసి, పీహెచ్‌పీలో పేజీలు రాయడం మొదలుపెడతారు. ఇంత చిన్న పనికి అదంతా అక్కర్లేదు. ఎస్‌క్యూలైట్ చాలు. 2000లో రిచర్డ్ హిప్ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. డేటాబేస్ మొత్తం ఒకే ఒక్క ఫైలు. మీ ఫోన్‌లో ఇప్పటికే చాలా యాప్‌లు దాన్నే వాడుతున్నాయి. ఆ ఫైలుని వెబ్ పేజీలుగా చూపించేది డేటాసెట్. జాంగో చేసినవాళ్ళలో ఒకరైన సైమన్ విల్లిసన్ 2017లో విడుదల చేశారు. పేరు మనం మామూలుగా అనే డేటాసెట్ లాగే వినిపిస్తుంది కానీ, స్పెల్లింగ్ చివర క్యాసెట్‌కి ఉన్నట్టే ఉంటుంది. గూగుల్‌లో వెతికేటప్పుడు అది గుర్తుపెట్టుకోండి, లేకపోతే ప్రపంచంలో ఉన్న డేటా అంతా వచ్చి మీద పడుతుంది.

రెండూ ఉచితమే. పైథాన్ ఉంటే పిప్‌తో డేటాసెట్‌నీ, దాని తోడు పనిముట్టు ఎస్‌క్యూలైట్-యుటిల్స్‌నీ ఇన్‌స్టాల్ చేసుకోండి. కమాండ్లు స్క్రీన్ మీద కనిపిస్తున్నాయి.

ఇప్పుడు ఎక్సెల్ ఫైలుని సీఎస్‌వీగా సేవ్ చేయాలి. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. సేవ్ యాజ్‌లో ఒకటికంటే ఎక్కువ సీఎస్‌వీలు కనిపిస్తాయి. ఉత్త సీఎస్‌వీ అని ఉన్నది ఎంచుకుంటే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. ఆ ఫైల్లోంచి వాటిని మళ్ళీ వెనక్కి తెచ్చే దారి లేదు, అసలు అక్షరం ఏమిటో ఫైల్లో మిగలదు కదా. పక్కన యూటీఎఫ్-8 అని రాసి ఉన్నదే ఎంచుకోండి. అసలు ఎక్సెల్ ఫైలుని ఎప్పుడూ పారేయకండి.

తర్వాత ఎస్‌క్యూలైట్-యుటిల్స్ ఇన్‌సర్ట్ కమాండ్‌తో సీఎస్‌వీని బుక్స్ అనే టేబుల్‌లోకి ఎక్కించాను. డేటాసెట్ అని కొట్టి పక్కన ఫైలు పేరు ఇచ్చి, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 8001 పోర్ట్ తెరిస్తే, ఇదిగో, పుస్తకాలు. పేజీకి 100 వరసలు. రచయిత పేరు మీద నొక్కి ఫేసెట్ పెడితే ఎవరివి ఎన్ని పుస్తకాలున్నాయో లెక్క వస్తుంది. ఇంతవరకు పావుగంట కూడా పట్టదు.

అసలు చిక్కు సెర్చ్ దగ్గర వచ్చింది. ఎస్‌క్యూలైట్‌లో ఎఫ్‌టీఎస్5 అని పదాల సూచిక కట్టే ఏర్పాటు ఉంది. ఒక కమాండ్‌తో అది పెట్టేశాను. పేజీలో సెర్చ్ పెట్టె వచ్చింది. సంతోషంగా "పాట" అని కొట్టాను. పాటల పుస్తకాలతో పాటు సూర్యాపేట చరిత్ర కూడా వచ్చింది! "కవిత" అని కొడితే "కవాతు" వస్తోంది. గ్రంథాలయంవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

కారణం ఏమిటంటే, యూనికోడ్‌లో "పా" అనేది ఒక అక్షరం కాదు. "ప" ఒకటి, దాని పక్కన దీర్ఘం గుర్తు ఇంకొకటి. ఈ గుణింతం గుర్తుల్నీ, సున్నానీ, పొల్లునీ యూనికోడ్ "మార్క్" అనే వర్గంలో పెట్టింది, అక్షరాల వర్గంలో కాదు. ఎఫ్‌టీఎస్5 మామూలుగా వాడే టోకెనైజర్ అక్షరాల్నీ అంకెల్నీ మాత్రమే పదంలో భాగం అనుకుంటుంది. మన గుణింతం గుర్తు దాని కంటికి కామాలాగా, ఖాళీలాగా కనిపిస్తుంది. అక్కడ పదాన్ని విరగ్గొట్టేస్తుంది. అంటే "పాట" దాని లెక్కలో "ప", "ట" అనే రెండు ముక్కలు. "పేట", "పీట", "పూట" అన్నీ అవే రెండు ముక్కలు. తెలుగుకే కాదు, హిందీకీ తమిళానికీ కూడా ఇదే తంటా. ఇంగ్లీషులో పరీక్షించి చూసినవాళ్ళకి ఇది ఎప్పటికీ కనబడదు. మనమే చూసుకోవాలి.

మందు చిన్నదే. సూచిక కట్టేటప్పుడు టోకెనైజర్‌కి కేటగిరీస్ అనే ఆప్షన్ ఇవ్వచ్చు. మామూలుగా ఉండే వర్గాల పక్కన ఎమ్-ఎన్, ఎమ్-సీ అనే రెండు మార్క్ వర్గాల్ని చేర్చాలి. స్క్రీన్ మీద ఉన్న ఎస్‌క్యూఎల్ చూడండి. అందులో కంటెంట్ అన్నచోట బుక్స్ అనే పేరుని డబుల్ కోట్స్‌లో రాయండి. ఈ సూచిక ఏ టేబుల్‌కి చెందిందో డేటాసెట్ ఆ రాతని చూసే గుర్తుపడుతుంది. తర్వాత రీబిల్డ్ కొట్టండి. ఇప్పుడు "పాట" అంటే పాటే.

కానీ "పాటలు" రాదు! అది వేరే పదం కదా దాని లెక్కలో. మన భాషలో విభక్తులూ బహువచనాలూ పదానికే అతుక్కుని ఉంటాయి. దీనికి పదం చివర నక్షత్రం గుర్తు పెట్టి వెతకాలి, అందుకోసం డేటాసెట్‌లో సెర్చ్ మోడ్‌ని రా అని మార్చాలి. ట్రైగ్రామ్ అనే ఇంకో టోకెనైజర్ కూడా ఉంది, మూడేసి అక్షరాల చొప్పున కోసి సూచిక కడుతుంది. నేను మొదట అదే పెట్టాను. కానీ మూడుకంటే తక్కువ ఉంటే అది వెతకదు. "కథ" అంటే రెండే. గ్రంథాలయంలో "కథ" దొరకని సెర్చ్ ఎందుకండీ? తీసేశాను.

ఇప్పుడు నా పొరపాటు. ఆ ఎక్సెల్‌లో ఇంకో షీట్ ఉంది. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారు, వాళ్ళ పేరు, ఫోన్ నంబరు. దాన్ని కూడా అదే ఫైల్లో మెంబర్స్ అనే టేబుల్‌గా ఎక్కించి, మెటాడేటాలో హిడెన్ అని రాసి, పని అయిపోయిందనుకున్నాను. హిడెన్ అంటే ముందు పేజీ జాబితాలో కనబడదు, అంతే. అడ్రస్ తెలిస్తే ఎవరైనా తెరవచ్చు. డేటాసెట్‌లో వచ్చినవాళ్ళెవరైనా తమ సొంత ఎస్‌క్యూఎల్ రాసి అడగచ్చు కూడా, అది దాని గొప్పదనమే. అయిదో రోజున గ్రంథాలయానికి వచ్చే ఒక టీచరమ్మ ఫోన్ చేసి "బాబూ, నేను ఏ పుస్తకం చదివానో నా నంబరుతో సహా మా మేనల్లుడికి కనబడిందట" అన్నారు. ఆవిడ గట్టిగా కూడా అనలేదు. సర్వర్ వెంటనే ఆపేశాను.

తర్వాత ఏం చేశానంటే, ఆ టేబుల్‌ని డ్రాప్ చేశాను. అదీ చాలదు. ఎస్‌క్యూలైట్‌లో చెరిపిన సమాచారం ఫైల్లో ఖాళీ పేజీల్లో అలాగే ఉండిపోవచ్చు, వ్యాక్యూమ్ కొట్టేదాకా. డేటాసెట్‌ని ఇమ్యూటబుల్‌గా నడిపితే ఫైలు మొత్తం డౌన్‌లోడ్ చేసుకునే లింకు కూడా వస్తుంది. పలక మీద తడిగుడ్డతో తుడిచినా రాత కనబడుతుంది చూడండి, అలాంటిదే. అందుకని ఇప్పుడు నా పద్ధతి వేరు. సభ్యుల ఫైలు గ్రంథాలయం కంప్యూటర్‌లోనే ఉంటుంది. వెబ్‌కి వెళ్ళే ఫైలుని ప్రతిసారీ కొత్తగా, ఖాళీగా మొదలుపెట్టి, పుస్తకం పేరు, రచయిత, సంవత్సరం, యాక్సెషన్ నంబరు, బీరువా నంబరు, ఈ అయిదు కాలమ్స్ మాత్రమే ఎక్కిస్తాను. లేనిదాన్ని ఎవరూ చూడలేరు. టీచరమ్మకి మాత్రం వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను.

సర్వర్ సంగతి త్వరగా చెప్పేస్తాను. చిన్న లినక్స్ సర్వర్ చాలు. డేటాసెట్‌ని సిస్టమ్‌డీ సర్వీస్‌గా పెట్టండి, కరెంటు పోయి వచ్చినా దానంతటదే లేస్తుంది. దాన్ని నేరుగా బయటికి తెరవకుండా ముందు ఎన్‌జిన్‌ఎక్స్ పెట్టండి. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కొత్త పుస్తకాలు వచ్చినప్పుడు ఫైలు మార్చి సర్వీస్‌ని రీస్టార్ట్ చేయడమే. ఏ పేజీ అడ్రస్‌కైనా చివర డాట్ జేసన్ చేరిస్తే అదే డేటా ప్రోగ్రాములకి పనికొచ్చే రూపంలో వస్తుంది. ఆ కుర్రాళ్ళలో ఒకడు దాంతో ఫోన్‌కి ఒక చిన్న యాప్ మొదలుపెట్టాడు. "బీరువా నంబరు కూడా చూపిస్తుంది అన్నా" అంటున్నాడు.

తెలుగు అకారాది క్రమంలో ఈ జాబితాని పేర్చబోతే సున్నా ఎక్కడికి పోతోందో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఈలోగా మీ దగ్గర ఇలా గుణింతాలు విరిగిన సెర్చ్‌లు ఏమైనా ఉంటే "పాట" అని కొట్టి చూడండి. ఉంటాను, నమస్కారం.