పోలిక దాటాక నటన

చెన్నైలో పానగల్ పార్కు దగ్గర నటుడు చిత్తూరు నాగయ్యగారి విగ్రహం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆయన నటించిన ‘త్యాగయ్య’ 1946లో, ‘యోగి వేమన’ 1947లో వచ్చాయి. ఆ సినిమాలు చూసినవాళ్ళకు వేమన ఇప్పటికీ నాగయ్యగారి ముఖంతోనే కనిపిస్తాడు. ప్రతిభ సరే, ఆయనకు ఒక వెసులుబాటు కూడా ఉంది. అసలు వేమనను చూసినవాళ్ళెవరూ హాల్లో లేరు కదా!

సావిత్రిగారి సంగతి అలా కాదు. ఆ చూపు, ఆ నవ్వు, ఆ కనుబొమల కదలిక మనందరికీ గుర్తే. ఆమె హబీబుల్లా రోడ్డులో కాపురమున్న ఊరిది. 2018లో నాగ్ అశ్విన్ తీసిన ‘మహానటి’లో సావిత్రిగా వేసిన కీర్తి సురేశ్ నెత్తిన పడ్డ బరువు అదే. సినిమా మొదలవగానే మన కళ్ళు పోలికలు వెతుకుతాయి. వెతకనివ్వండి, కానీ కాసేపే. పోలిక చాలావరకు మేకప్పుతో, చీరకట్టుతో వస్తుంది. నటన ఆ తర్వాతి మాట.

అందులో ఒక ఘట్టం ఉంది. ఎడమ కంటి నుంచి మాత్రమే, అదీ రెండే చుక్కలు కావాలంటాడు దర్శకుడు. సావిత్రి సరిగ్గా రెండే రాలుస్తుంది. ఇది నిజంగా జరిగిందా అని ఆరా తీయకండి. కన్నీటి చుక్కను కూడా అదుపులో పెట్టుకున్న మనిషికి తర్వాత డబ్బూ, కాపురమూ, తాగుడూ ఏవీ అదుపులో లేకుండా పోతాయి. ఆ రెండు చుక్కలు అక్కడ ఎందుకున్నాయో అప్పుడు తెలుస్తుంది. పైగా ఈ కథను మనకు చేరవేసేది మధురవాణి అనే నత్తి విలేఖరి, కల్పిత పాత్ర. కోమాలో ఉన్న సావిత్రి గురించి నలుగురి నోటా విన్నదే మనం చూస్తున్నాం. ద్వితీయార్ధంలో నేపథ్య సంగీతం మనకన్నా ముందే ఏడ్చేస్తుందన్నది మాత్రం నా ఫిర్యాదు. కీర్తికి జాతీయ ఉత్తమ నటి అవార్డు రావడం న్యాయమే.

ఇలాంటి మరో జీవితకథ, 2019లో వచ్చిన ‘ఎన్టీఆర్ కథానాయకుడు’లో తండ్రి ఎన్టీఆర్ పాత్ర కొడుకే వేశారు. అందులో భక్తి ముందుకొచ్చి కథ వెనక్కు తగ్గింది.

‘మహానటి’ చూసే ముందు ఒక్క పని చేయండి. 1957 నాటి ‘మాయాబజార్’ పెట్టుకుని, శశిరేఖ వేషంలో ఘటోత్కచుడున్న భాగం చూడండి. ఆడపిల్ల ఒంట్లోకి ఘటోత్కచుడిగా వేసిన రంగారావుగారి దర్పాన్ని సావిత్రి ఎలా దింపారో గమనించండి. ఆమె కూడా అక్కడ మరొకరిని పోలి నటిస్తున్నదే. కీర్తి సురేశ్‌ను ఆ తర్వాత చూడండి.