రెండు గంటల దూరం, రెండు రోజుల ప్రయాణం
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందికి పిల్లలు విదేశాల్లో ఉన్నారు. అట్లాసు ముందేసుకుని, ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరమో వేలితో కొలవడం మనకు అలవాటైపోయింది. ఆ కొలత ఎక్కడ దెబ్బతింటుందో ఒక్క ఉదాహరణతో మనవి చేస్తాను.

గ్రీన్లాండ్ రాజధాని నూక్. సముద్రానికి పడమటి పక్కన, కెనడాలోని నునావుట్ రాజధాని ఇకాలుయిట్. రెండూ దాదాపు 64వ అక్షాంశం మీదే ఉన్నాయి. రేఖాంశాల తేడా సుమారు 17 డిగ్రీలు. మన హైదరాబాదు దగ్గరైతే 17 డిగ్రీలంటే 1,800 కిలోమీటర్లు. కానీ ధ్రువం వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కదా! అక్కడ డిగ్రీకి 49 కిలోమీటర్లే. గోడపటంలో ఆ గీతలు సమాంతరంగా ఉంటాయి గనుక దూరం సాగదీసినట్టు కనిపిస్తుంది. అసలు దూరం సుమారు 820 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్లు పోయే చిన్న ప్రొపెల్లర్ విమానానికి, ఎక్కడం దిగడంతో కలిపి, రెండు గంటల పని.

గడియారాల తమాషా ఇంకొకటి. 2024 వేసవిలో నూక్ గడియారం మూడు గంటలు ముందుంది. ఇకాలుయిట్లో ఉదయం 10కి ఎక్కితే నూక్‌లో దిగేసరికి మధ్యాహ్నం 3. తిరుగు ప్రయాణంలో సాయంత్రం 4కి ఎక్కినవాడు 3 గంటలకే దిగుతాడు! అది టైంటేబుల్లో అచ్చుతప్పు కాదు.

మరి రెండు రోజులెందుకు? నేరు విమానం లేనప్పుడు మాట అది. ఈ రెండు ఊళ్ళకూ బయటి ఊళ్ళతో రోడ్డు లేదు. గ్రీన్లాండ్ విమానాలు ప్రధానంగా డెన్మార్క్ వైపు, ఇకాలుయిట్ విమానాలు ఒటావా వైపు పోతాయి. నూక్ పాత రన్‌వే 930 మీటర్లే. పెద్ద జెట్ దిగలేదు. కాబట్టి ముందు ఉత్తరాన ఉన్న కాంగర్లుసువాక్, అక్కడి నుంచి కోపెన్‌హాగన్, మళ్ళీ అట్లాంటిక్ దాటి ఒటావా, ఆపైన ఇకాలుయిట్. మొత్తం పదకొండు వేల కిలోమీటర్ల పైమాటే. ఐస్లాండ్ మీదుగా పోతే కొంత తగ్గుతుంది, అంతే. నూక్‌లో 2,200 మీటర్ల కొత్త రన్‌వే 2024 నవంబరులో తెరిచారు. దానితో కాంగర్లుసువాక్ మజిలీ తప్పింది గాని, ఒడ్డు నుంచి ఒడ్డుకు దారి రాలేదు.

రెండు ఒడ్డులా ఉన్నది ఇన్యుయిట్లే. భాషలు కూడా అక్కచెల్లెళ్ళు. ఎదురుగా ఉన్న బంధువును పలకరించడానికి ఐరోపా చుట్టి రావాలంటే, అది భూగోళం చేసిన దూరం కాదు, ఏ దేశానికా దేశం తన రాజధాని వైపు గీసుకున్న దారుల వల్ల వచ్చిన దూరం. ఇది నా అభిప్రాయం.

ఎయిర్ గ్రీన్లాండ్ 2012లో వేసవి సర్వీసు మొదలుపెట్టి, కొన్నేళ్ళకే ఆపేసింది. 2024 వేసవిలో కెనేడియన్ నార్త్‌తో కలిసి మళ్ళీ నడిపారు, వారానికి ఒక్కటి. పొగమంచు పట్టి ఆ ఒక్కటీ తప్పితే, టైంటేబుల్ ప్రకారం తరువాతి విమానం ఏడు రోజులకు.